దీవాన్‌ఖానా రేడియో, జనానా ట్రాన్సిస్టర్

పాత ఆవాజ్ మీద షౌక్ మళ్లీ మొదలైంది. దుబాయి నుంచో రియాద్ నుంచో తిరిగొచ్చి కరీంనగర్‌లోనో నిర్మల్‌లోనో ఇల్లు కట్టుకున్నవాళ్లు కొందరు ఖవ్వాలీలు, గజళ్లు వినడానికని ఒక గది తీసిపెడుతున్నారు. అందులో వాల్వు ఉన్న సీడీ ప్లేయర్ పెట్టాలా, వాల్వు లేని ఖరీదైన సీడీ ప్లేయర్ పెట్టాలా అన్నది వాళ్ల సవాల్. ‘మా దాదా రేడియోల వచ్చే మీఠీ ఆవాజ్ కావాలె భాయ్, అది వాల్వులనే ఉంటదట గదా’ అని అడుగుతారు. లక్షల మాట కాబట్టి జవాబు సోంచాయించి చెప్పాలి. నా జవాబు కొంచెం పొడుగు. ఇందులో మెషీన్ కంటే మన ఇళ్ల తారీఖ్ ఎక్కువుంది. దాదా రేడియో ఇంట్లో ఏ గదిలో ఉండేది, దాని ముందు ఎవరు కూర్చునేవాళ్లు అన్నది ముందు తేలాలి.

హైదరాబాద్ రియాసత్‌లోకి రేడియో 1930లలో వచ్చింది. చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలైన స్టేషన్‌ను నిజాం సర్కార్ 1935లో తన చేతిలోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. 200 వాట్లంటే రెండు పెద్ద బల్బులంత కరెంటు. కరీంనగర్ అక్కడికి 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ దాదాపు 300. మధ్యతరంగాలు పగటిపూట నేలను పట్టుకునే నడుస్తాయి, కాబట్టి దూరం పోను పోను సన్నబడతాయి. మగ్రిబ్ దాటాక ఆకాశంలో పై పొరల నుంచి తిరిగి కిందికి వస్తాయి. మా వైపు పెద్దలు రేడియో అనగానే రాత్రి ముచ్చటే చెప్పడానికి కారణం ఇదే. ఆదిలాబాద్‌వాళ్లకైతే హైదరాబాద్ కంటే నాగ్‌పూర్ దగ్గర.

ఆ రోజుల్లో సెట్టు అంటే వాల్వు సెట్టే. గాలి తీసేసిన గాజు బుడ్డి, అందులో ఎర్రగా కాలే ఫిలమెంటు. వేడికి బయటికొచ్చే ఎలక్ట్రాన్లను మధ్యలో ఉన్న సన్నని జాలీ ఆపుతూ వదులుతూ ఉంటుంది. యాంటెన్నా మీద పడ్డ ఎంతో చిన్న సిగ్నల్ ఇట్లా నాలుగైదు బుడ్డీలు దాటి స్పీకర్‌ను కదిలించేంత అవుతుంది. స్విచ్ వేసి అర నిమిషం ఆగాలి, వాల్వులు గరమ్ కావాలి. లోపల రెండువందల వోల్టుల పైన ఉంటుంది, పిల్లలు వెనక అట్ట తీస్తే ఖైర్ లేదు. కరెంటు లేని ఊళ్లలో దీనికోసం ప్రత్యేకంగా 90 వోల్టుల బ్యాటరీ డబ్బా కొనాల్సి వచ్చేది. కాగజ్‌నగర్ పేపరు మిల్లు, బెల్లంపల్లి బొగ్గు గనులు ఉన్నచోట సంగతి వేరు. మిగతా ఊళ్లలో రేడియో ఉన్నదంటే అది దేశ్‌ముఖ్ గఢీలోనో, వకీల్ సాబ్ ఇంట్లోనో, చౌరస్తా చాయ్ హోటల్‌లోనో.

మన ఇళ్లలో దాని జాగా దీవాన్‌ఖానా. కర్ర పెట్టె, మీద క్రోషియా గుడ్డ, పక్కన కుర్చీ. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి ముద్ర వేయించుకునే రేడియో లైసెన్సు ఇంటి పెద్ద పేరు మీద. స్టేషన్ మార్చే హఖ్ కూడా ఆయనదే. 1948 సెప్టెంబర్ 17 సాయంత్రం ఏడో నిజాం దక్కన్ రేడియోలో మాట్లాడుతూ తన ఫౌజ్‌కు లడాయి ఆపమని హుకుం ఇచ్చినట్టు ప్రకటించినప్పుడు ఆ ఆవాజ్ విన్నవాళ్లు ఇట్లాంటి దీవాన్‌ఖానాల్లో, హోటళ్లలో పోగైన మగవాళ్లు. లోపలి గదుల్లో ఉన్న ఆడవాళ్లకు ఆ ఖబర్ మగవాళ్ల మొఖాలు చూస్తే తెలిసింది. ఆ తర్వాతి రోజులు మన ఖాందాన్‌లలో ఎట్లా గడిచాయో ఇక్కడ రాయను, అది వేరే కితాబ్. దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. హైదరాబాద్ కేంద్రం నుంచి రాత్రిపూట వచ్చే ఉర్దూ ప్రోగ్రాం ‘నైరంగ్’ను మా తరం కూడా విన్నది.

1952లో ఢిల్లీలో మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలను ఆలిండియా రేడియో నుంచి దాదాపుగా తీసేయించారు. శాస్త్రీయ సంగీతమే వినండన్నారు. జనం సూది తిప్పి సిలోన్‌కు పోయారు. రెండో ప్రపంచయుద్ధంలో ఫౌజ్ కోసం కొలంబోలో పెట్టిన బలమైన ట్రాన్స్‌మిటర్ లంక రేడియోకు దక్కింది. దాని షార్ట్‌వేవ్ మన అడవుల దాకా సాఫ్‌గా వచ్చేది. అదే ఏడాది చివర్లో బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు అమీన్ సయానీ. 2024లో ఆయన ఇంతెఖాల్ అయినప్పుడు అందరూ ఆయన గొంతు గురించే రాశారు. నాకు ముందు యాదికొచ్చింది ఆయన జబాన్. సంస్కృతం బరువూ ఫార్సీ బరువూ లేని హిందుస్తానీ అది. వాళ్ల అమ్మ కుల్సుం సయానీ ‘రహ్‌బర్’ అనే పత్రికను ఒకే జబాన్‌లో మూడు లిపుల్లో అచ్చు వేసేవారు: దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడుకునే మా వైపు ఇళ్లలో ఆయన మాట సొంత బంధువు మాటలా వినిపించిందంటే ఆశ్చర్యం లేదు.

1957లో వివిధ్ భారతి వచ్చింది, సినిమా పాట ఇంటికి తిరిగొచ్చింది. ఇంతవరకూ చెప్పిందంతా పెద్ద పెట్టె ఖిస్సానే.

ట్రాన్సిస్టర్‌ను అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1947లో కనిపెట్టారు. కనిపెట్టిన ముగ్గురికి 1956లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌వాళ్లు రేడియో వాల్వుల తయారీ 1961లో మొదలుపెట్టారు, మరుసటి ఏడాదే జర్మేనియం ట్రాన్సిస్టర్లూ మొదలుపెట్టారు. అంటే మన సొంత వాల్వుకూ మన సొంత ట్రాన్సిస్టర్‌కూ ఒక్క ఏడాదే ఫర్క్. వాల్వుకు జమానా మిగల్లేదు. ట్రాన్సిస్టర్‌లో కాల్చాల్సిన ఫిలమెంటు లేదు, పెద్ద వోల్టేజీ అక్కర్లేదు. నాలుగు టార్చిలైటు సెల్లు వేస్తే వారాలకు వారాలు మోగుతుంది. సెల్లు నీరసపడితే ఎండలో పెట్టి మళ్లీ రెండు రోజులు లాగేవాళ్లు.

మన ఇళ్ల తారీఖ్‌లో పెద్ద మలుపు నా లెక్కన ఇక్కడుంది. ట్రాన్సిస్టర్‌కు పిడి ఉంది. పిడి ఉన్న సామాను పర్దా దాటి లోపలికి పోతుంది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్. ఈ ఊళ్లలో మన ఆడవాళ్ల చేతులకు దొరికిన పని బీడీలు చుట్టడం. ఆదిలాబాద్ అడవుల తునికాకు, చాటలో తంబాకు, దారం, కత్తెర. వేల బీడీలు చుట్టాలంటే చేతులూ కళ్లూ ఖాళీ ఉండవు. చెవులు మాత్రం ఖాళీ. గోడ మేకుకు తగిలించిన ట్రాన్సిస్టర్ ఆ చెవుల కోసమే పుట్టినట్టుంది. 1965లో ఆలిండియా రేడియో ఉర్దూ సర్వీస్ మొదలైంది. ఫర్మాయిషీ పాటలు, నాత్‌లు, ఖవ్వాలీలు, డ్రామాలు ఆ మేకు మీది నుంచి వచ్చాయి. బడి మొఖం చూడని అమ్మీలు, ఖాలాలు గాలిబ్ పేరు, మీర్ పేరు, షకీల్ బదాయూనీ, సాహిర్ లుధియాన్వీ పేర్లు అక్కడే నేర్చుకున్నారు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివాను. మా ఉస్తాద్ తలఫ్ఫుజ్ సరిదిద్దక ముందే ‘జ’కూ ‘ఝ’కూ మధ్య ఉండే ‘జ్‌’ ఏదో ఇంట్లో అమ్మీ చెప్పింది. అమ్మీకి చెప్పింది రేడియో. 1986లో ఆదిలాబాద్‌కు సొంత ఆకాశవాణి కేంద్రం వచ్చేనాటికి ట్రాన్సిస్టర్ మా వైపు గొర్రెలకాపరి భుజాన కూడా ఉంది.

అందుకే ‘దాదా రేడియో ఆవాజ్’ అన్నప్పుడు నాకు కొంచెం నవ్వొస్తుంది. దాదీ ఏం విన్నదో, ఎందులో విన్నదో ఎవరూ అడగరు. ఆమె విన్నది మూడంగుళాల స్పీకరున్న ప్లాస్టిక్ డబ్బాలో.

ఇప్పుడు ఆవాజ్ సంగతికొద్దాం. పెద్ద పెట్టె మీఠీగా, చిన్న డబ్బా చీలినట్టుగా వినిపించిన మాట నిజమే. అయితే ఆ ఫర్క్‌లో వాల్వు వాటా తక్కువ. పెద్ద పెట్టెలో ఎనిమిదంగుళాల స్పీకర్, చుట్టూ దళసరి కర్ర. పైగా మధ్యతరంగాల్లో సన్నని, పదునైన స్వరాలు సగం దారిలోనే రాలిపోతాయి, మిగిలేది గుండ్రని మధ్య భాగం. చిన్న డబ్బాకు ఇవేవీ లేవు. సెల్లు దిగిపోతుంటే లోపలి రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఒకదాని చేతి నుంచి ఇంకోటి సిగ్నల్ అందుకునే చోట గీర పడుతుంది. అదే ఆ చీలిక. అదే ట్రాన్సిస్టర్‌ను మంచి సప్లైతో పెద్ద కర్రపెట్టెలో కూర్చోబెడితే బద్‌నామ్ అయ్యేది కాదు.

వాల్వు వాటా బొత్తిగా లేదనను. వాల్వు తన వంతుగా ప్రతి స్వరానికి పై స్థాయిలో అదే స్వరాన్ని కొద్దిగా కలుపుతుంది. సా పాడితే పై సా నీడలా పడుతుంది. హార్మోనియంకూ మగ గొంతుకూ అది హాయిగా ఉంటుంది. మోతాదు దాటినప్పుడు కూడా ఠక్కున తెగకుండా మెల్లగా ఒంగుతుంది. రేడియోలో, ఆంప్లిఫయర్‌లో ఇది బాగానే తెలుస్తుంది.

మరి సీడీ ప్లేయర్‌లో? సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన సీడీ 1982లో బజారుకొచ్చింది. సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాసుకున్న అంకెలు దాని మీద ఉంటాయి. వాటిని చదివేది లేజర్, అది సెమీకండక్టర్. తప్పులు దిద్దేది చిప్పు. అంకెలను మళ్లీ ఆవాజ్‌గా మార్చేది ఇంకో చిప్పు. వాల్వు సీడీ ప్లేయర్ అని అమ్మే దాంట్లో కూడా ఇదంతా ఇట్లనే ఉంటుంది. అన్నీ అయ్యాక, బయటికి పంపే రెండు వోల్టుల దగ్గర ఒకటో రెండో గాజు బుడ్డీలు పెడతారు. కొందరు మూతకు అద్దం వేసి వాటి వెలుగు కనిపించేటట్టు చేస్తారు. అంటే మీరు కొనేది ట్రాన్సిస్టర్ ప్లేయరే, చివర్లో ఒక చుక్క వాల్వు అత్తరు. ఆ అత్తరు నచ్చడం తప్పు కాదు, షౌక్ షౌకే. దాదా పెట్టెలోని ఆవాజ్ మాత్రం అందులో రాదు. ఆ స్పీకరూ లేదు, ఆ కర్రా లేదు, సిలోన్ నుంచి గాలిలో ఊగుతూ వచ్చే తరంగమూ లేదు.

ఇంకో మాట. హైదరాబాద్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ, 1971లో పద్మశ్రీ అందుకున్న మన ఖవ్వాల్, ఆయన తరంవాళ్ల పాత రికార్డింగులు సీడీలో వింటారనుకోండి. 1950లలో స్టూడియో ఆంప్లిఫయర్లు వాల్వులవే. వాల్వు చేసే పని అప్పుడే చేసేసింది, అది సీడీలోకి కూడా ఎక్కి ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పే ప్లేయరే ఆ మహఫిల్‌కు దగ్గర. ఈ పని మంచి ట్రాన్సిస్టర్ ప్లేయర్ మధ్యరకం ధరలోనే చేస్తుంది, వేడెక్కదు, బుడ్డీలు మార్చమనదు. మన ఊళ్ల కరెంటు ఎండాకాలం ఎట్లా ఊగుతుందో కూడా లెక్కలో వేసుకోండి. నమ్మకం లేకపోతే రెండింటినీ ఒకే ఆంప్లిఫయర్‌కు కలిపి, చప్పుడు సమానం చేసి, కళ్లు మూసుకుని, ఏది మోగుతుందో చెప్పకుండా పిల్లవాడితో మార్పించుకుని వినండి. చప్పుడు సమానం చేయడం మరవద్దు, కొంచెం పెద్దగా మోగేదే మంచిదనిపిస్తుంది మనిషికి. మిగిలిన పైసలు స్పీకర్ల మీద పెట్టండి.

అసలు ఈ గదులు కట్టే ఇళ్లలోనే, అల్మారా పైన, చెప్పుల డబ్బాలో కేసెట్లు పడి ఉంటాయి. 1970ల నుంచి కరీంనగర్, ఆదిలాబాద్ మనుషులు గల్ఫ్‌కు పోయారు. మొదటి సెలవుకు వచ్చేటప్పుడు టేప్‌రికార్డర్ తెచ్చారు. ఖత్ రాయడం రాని అమ్మీలు కేసెట్‌లో మాట్లాడి, పోయేవాళ్ల చేతికిచ్చి పంపారు. అక్కడి నుంచి జవాబు కూడా కేసెట్‌లోనే వచ్చేది. సలాంలు, ఖైరియత్, ఎవరి నిఖా కుదిరింది, ఎవరు పోయారు, వెనకాల మేక అరుపు, అజాన్. బడే గులాం అలీ ఖాన్ ఆవాజ్ పోదు, దాన్ని కాపాడే కంపెనీలున్నాయి. ఆ దాదీ ఆవాజ్ ఉన్న కేసెట్ ప్రపంచంలో ఒక్కటే. టేపు మీది పొడి ఏటేటా రాలుతోంది, దాన్ని మోగించే మెషీన్లు తగ్గిపోతున్నాయి. ప్లేయర్ కొనే ముందు ఒక పని కేసెట్ డెక్ సంపాదించి, హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, వాటిని ఒక్కసారి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. 44,100, 16 బిట్లు చాలు.

ఆ పనికి ఇవాళ తీరిక లేకపోతే కనీసం ఇది చేయండి: కేసెట్ పైఅంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లలను స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి. అవి ఉన్నంతకాలం, ఎర్ర బటన్ నొక్కితే చాలు, దాని మీద ఇంకో పాట రికార్డయిపోతుంది.