గాలి తగిలిన కరగియుండు, గాలి అందనిచో గట్టిపడు జిగురు

చోడవరము 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలోను, ఆ పిమ్మట అనకాపల్లి జిల్లాలోను చేరిన ఊరు. అక్కడినుండి మాడుగుల మీదుగా పోవు బాట పాడేరు ఘాటు నెక్కును. ఇట్టి కొండదారులకై చేయబడిన సైకిళ్ళలో కుదుపులను మ్రింగు స్ప్రింగుల అమరిక కలదు. ఆ అమరిక కీళ్ళను పట్టియుంచునవి చిన్న బోల్టులే. దిగుడులో ఒక బోల్టు ఊడినచో చక్రము అదుపు తప్పును, ప్రాణమునకే ముప్పు.

గట్టిగా బిగించిన బోల్టు తనంత తానేల వదులగును? బిగించినప్పుడు బోల్టు రవంత సాగి, స్ప్రింగువలె లాగిపట్టును. అప్పుడు చుట్ల మధ్య పుట్టు ఘర్షణయే దానిని తిరుగనీయదు. అడ్డముగా వచ్చు అదురులకు చుట్లు జారినచో ఆ పట్టు క్షణకాలము సడలి, బోల్టు ఇసుమంత వెనుకకు తిరుగును. వేలకొలది అదురులకు అది పూర్తిగా వదులగును. జర్మను ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ 1969లో దీనిని ప్రయోగములతో వివరించెను.

అయితే రోగకారణము తేటపడుటకు ముందే మందు దొరకినది. 1940 దశకములో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు ఒక వింత ద్రవమును కనుగొనిరి. గాలిబుడగలు పంపుచున్నంతసేపు అది ద్రవముగా నుండెను; ఆపినంతనే గట్టిపడెను. ఎడతెగక గాలి నూదవలసిన సరకును అంగడిలో నమ్ముటెట్లు? ఆ సంస్థలో పనిచేసిన రాబర్ట్ క్రీబుల్ ఈ చిక్కును తండ్రికి తెలిపెను. తండ్రి వెర్నన్ క్రీబుల్ హార్ట్‌ఫర్డ్ నగరమందలి ట్రినిటీ కళాశాలలో రసాయనశాస్త్రాచార్యుడు. అరువది దాటిన ఆ ఉపాధ్యాయుడు 1953 నాటికి, హైడ్రోపెరాక్సైడు చేర్చి, చిన్న సీసాలోని గాలితోనే నిలువయుండు ద్రవమును సిద్ధపరచెను. రాబర్ట్ భార్య నాన్సీ దానికి ‘లాక్‌టైట్’ అను పేరు పెట్టెను. 1956లో అది లోకమునకు వెల్లడియైనది.

దీని కీలకము ఆక్సిజనులో నున్నది. ఈ ద్రవములోని మెథాక్రిలేటు అణువులు గొలుసులుగా కలియవలెనన్నచో ‘రాడికల్’ అను చురుకైన అణుఖండములు కావలెను. ఆక్సిజను వానిని పట్టి పనిచేయనీయదు. బోల్టు చుట్ల ఇరుకులో గాలి ఆడదు. పైగా ఇనుము, రాగి అయానులు పెరాక్సైడును విడగొట్టి రాడికల్‌లను పుట్టించును. అంతట గొలుసులు పెనవేసికొని ద్రవము గట్టి ప్లాస్టిక్కుగా మారి సందులను నింపును. చుట్లు జారుటకు చోటుండదు. సీసాను నిండుగా నింపక పైన గాలిని విడుచుటకును, గాలి చొరబడు పాలిథీన్ సీసాలు వాడుటకును కారణమిదియే.

సైకిలు బోల్టులకు సాధారణముగా నీలిరంగు రకము చాలును. దానిని పానాతో విప్పవచ్చును. ఎఱ్ఱరంగు గట్టిరకమును విప్పుటకు సుమారు 250 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలసివచ్చును. ఆ వేడికి ప్రక్కనున్న రబ్బరు, బేరింగుల గ్రీజు చెడును. పూయుటకు ముందు చుట్లనుండి నూనెను, పాత జిగురును తుడువవలెను. అల్యూమినియము, స్టెయిన్‌లెస్ ఉక్కులపై ఇది మెల్లగా గట్టిపడును గనుక తగిన వ్యవధి నీయవలెను. తగిన బిగువు లేని బోల్టును జిగురొక్కటియే కాపాడజాలదు.

మంటను మండించు ఆక్సిజనే ఇచ్చట రసాయనచర్యకు అడ్డుకట్ట యగుచున్నది. ఆ అడ్డుకట్టను తీయుట యెప్పుడో, ఉంచుట యెప్పుడో తెలిసికొనుటయే క్రీబుల్ సాధించిన విజయము.