ఎనుబది సెకండ్ల శ్రమ, రెండువందల ఏండ్ల పరిశోధన

పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల ఒక వేదిక. దానిపై ఒక క్రీడాకారిణి నిలిచియుండును. సంగీతము మొదలగును. ఆమె వడివడిగా అడుగులు వేయును, పైకెగిరి గాలిలో కాళ్లు చాచును, అరచేతులపై నేలకు వాలును, మరల లేచి తాళము తప్పక సాగిపోవును. సుమారు 80 సెకండ్లలో అంతయు ముగియును. దీనినే ఏరోబిక్ జిమ్నాస్టిక్స్ అందురు. స్త్రీలును పురుషులును ఒంటరిగాను, జంటలుగాను, బృందములుగాను ఇందు పోటీపడుదురు. కడ్డీలు, రింగులు వంటి పరికరము లేవియు నుండవు. శరీరమే ఇందు పరికరము.

ప్రదర్శన ముగిసిన పిమ్మట ఆ క్రీడాకారిణిని గమనింపుడు. కాళ్లు చేతులు కదలుట లేదు. అయినను రొమ్ము ఎగసిపడుచుండును, గుండె వేగముగా కొట్టుకొనుచుండును. పని ఆగినను రొప్పు ఏల ఆగలేదు? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే నేటి క్రీడాశిక్షణ పద్ధతులకు పునాది పడినది. అయితే "శరీరము ఎంత చేయగలదు?" అని మొదలైన ఈ పరిశోధన, "శరీరముచేత ఎంత చేయింపవచ్చును?" అను ప్రశ్నకు చేరుటకు చాల ఆలస్యమైనది. ఆ ఆలస్యమునకు మూల్యము చెల్లించినవారు క్రీడాకారులే.

ముసుగులోని శ్వాస

18వ శతాబ్ది ఉత్తరార్ధమున పారిస్ నగరమందలి రసాయన శాస్త్రజ్ఞుడు లెవోయిజర్, మండుట యనగా పదార్థము గాలిలోని ఆక్సిజన్ అను ప్రాణవాయువుతో కలియుటయే యని నిరూపించెను. జీవుల శ్వాసక్రియ కూడ అట్టి దహనమే, కాని వెలుగు లేక మెల్లగా జరుగు దహనమని ఆయన గ్రహించెను. 1789 ప్రాంతమున తన సహాయకుడైన సెగాన్ ముఖమునకు ముసుగు తొడిగి, అతడు విశ్రాంతిగా కూర్చుండినపుడు వాడుకొను ప్రాణవాయువును కొలిచెను. పిమ్మట పాదముతో ఒక మీటను త్రొక్కుచు పనిచేయుమని చెప్పి మరల కొలిచెను. లెవోయిజర్ భార్య మేరీ ఆన్ ఈ ప్రయోగమును చిత్రించెను. ఆ చిత్రములో ఆమె బల్లవద్ద కూర్చుండి ఫలితములను వ్రాసికొనుచు కనిపించును.

పనిచేయునపుడు సెగాన్ వాడుకొనిన ప్రాణవాయువు, విశ్రాంతివేళ వాడుకొనిన దానికి రెండు రెట్లను మించెను. నాడి కూడ వేగమందెను. శ్రమను తూచుటకు శ్వాసయే త్రాసు కాగలదని తేలినది.

లెవోయిజర్ అంతటితో ఆగలేదు. శ్రమించువాని దేహములో దహనము ఎక్కువ, కనుక అతనికి ఆహారము కూడ ఎక్కువ కావలెను. కాని లోకములో కాయకష్టము చేయు పేదవానికే తిండి తక్కువ, కదలక కూర్చుండు ధనికునికి ఎక్కువ. ఇది ఏమి విపరీతమని ఆయన తన శాస్త్రపత్రములోనే ప్రశ్నించెను. పన్నుల వసూలు గుత్తేదారులలో తానును ఒకడైనందున, 1794 మే 8న విప్లవ ప్రభుత్వము ఆయనకు శిరచ్ఛేదము విధించెను. ఆయన వేసిన ప్రశ్న మాత్రము చావలేదు. అది క్రీడారంగములో మరల ఎట్లు తలయెత్తినదో ముందు చూతము.

అప్పు తీర్చు రొప్పు

1907లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఫ్లెచర్, హాప్కిన్స్ అను శాస్త్రజ్ఞులు కప్ప కండరములను పరీక్షించిరి. ప్రాణవాయువు అందని కండరములో లాక్టిక్ ఆమ్లము పేరుకొనుననియు, ప్రాణవాయువు అందినచో అది తగ్గిపోవుననియు వారు కనుగొనిరి. పెరుగునకు పులుపు నిచ్చు ఆమ్లమే ఇది. ప్రాణవాయువు చాలని వేళ కూడ కండరము కొంత పని చేయగలదనియు, ఆ పనికి గుర్తు ఈ ఆమ్లమనియు దీనివలన తెలిసినది.

కప్ప నుండి మనుష్యునికి ఈ పరిశోధనను తెచ్చినవాడు ఏ. వి. హిల్. ఆయన 1920 నుండి 1923 వరకు మాంచెస్టరులో ఆచార్యుడు, స్వయముగా మంచి పరుగుగాడు. తాను విడుచు గాలి యంతయు చేరునట్లు ఒక పెద్ద సంచిని వీపునకు తగిలించుకొని, పచ్చికపై గుండ్రముగా పరుగెత్తెను. ఆ సంచిలోని గాలిని పరీక్షించి, ఎంత ప్రాణవాయువు ఖర్చైనదో లెక్కకట్టిరి. వేగము పెరిగిన కొలది ఖర్చు పెరిగెను, కాని నిమిషమునకు సుమారు 4 లీటర్లు చేరిన పిమ్మట వేగము పెంచినను అది పెరుగలేదు. ప్రతి మనుష్యునికిని ప్రాణవాయువును వాడుకొను శక్తికి ఒక పరిమితి కలదని హిల్, లప్టన్ 1923లో ప్రకటించిరి. నేటికిని క్రీడాకారుల దమ్మును తెలుపు ముఖ్యమైన కొలత ఇదియే.

ఆ పరిమితిని మించి పరుగెత్తువానికి శక్తి ఎక్కడిది? అది అప్పు అని హిల్ చెప్పెను. చేతిలో సొమ్ము చాలనపుడు అంగడిలో అరువు తెచ్చుకొని, తరువాత తీర్చినట్లే, కండరము ముందు పనిచేసి పిమ్మట ప్రాణవాయువుతో అప్పు తీర్చును. పని ఆగిన తరువాతి రొప్పు ఆ అప్పు తీర్చుటయే. ఈ రొప్పునకు పెరిగిన దేహోష్ణత, హార్మోనులు వంటి ఇతర కారణములు కూడ కలవని తరువాత తేలినది. అయినను మూలభావము నిలిచినది. కండరములలో ఉష్ణము ఎట్లు పుట్టునో కనుగొనినందుకు హిల్‌కు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము, మేయర్‌హాఫ్‌తో పాటు లభించెను.

భీమవరము నుండి బోస్టన్‌కు

హిల్ సిద్ధాంతములో ఒక లోపముండెను. లాక్టిక్ ఆమ్లము పుట్టుటయే కండరము ముడుచుకొనుటకు మూలమని ఆయన తలచెను. ఈ అభిప్రాయము మారుటకు దారితీసిన పరిశోధకులలో ఒకరు తెలుగువారు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, అమెరికాలోని బోస్టన్ నగరమునకు వెళ్లి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసిరి. రక్తములోని భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వీరిరువురు 1925లో ప్రకటించిరి. అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతి యను పేర లోకమంతట వ్యాపించెను.

ఆ పద్ధతితో కండరమును పరీక్షింపగా, 1927లో ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థము బయటపడెను. అదే సంవత్సరము ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ వేరుగా దీని జాడ కనుగొనిరి. పనిచేయునపుడు ఇది తరుగును, విశ్రాంతిలో మరల నిండును. 1929లో ఫిస్క్, సుబ్బారావుగార్లు కండరము నుండి ఏటీపీ అను పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో లోమాన్ కూడ ఆ సంవత్సరమే దానిని కనుగొనెను. కండరమునకు శక్తిని నేరుగా అందించునది ఈ ఏటీపీయే. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషప్రయోగము చేసిన కండరము కూడ, ఫాస్ఫోక్రియేటిన్ ఉన్నంతసేపు ముడుచుకొనగలదని చూపెను. హిల్ తన అభిప్రాయమును మార్చుకొనుటకు వెనుదీయలేదు. 1932లో ఈ మార్పును ఒక విప్లవముగా పేర్కొనుచు ఆయనయే వ్యాసము వ్రాసెను.

ఈ పరిశోధనల ఫలితముగా కండరమునకు మూడు ఆధారములు కలవని తెలిసినది. ఫాస్ఫోక్రియేటిన్ చేతిలోని చిల్లర వంటిది. వెంటనే అక్కరకు వచ్చును, కాని పూర్తిబలముతో పనిచేసినచో సుమారు పది సెకండ్లలో చాలవరకు అయిపోవును. లాక్టిక్ ఆమ్లమును పుట్టించు మార్గము అరువు వంటిది. ప్రాణవాయువుతో జరుగు దహనము నెలజీతము వంటిది. అది నెమ్మదిగా వచ్చును, కాని చిరకాలము వచ్చును. పూర్తి బలముతో చేయు పనిలో సుమారు 75 సెకండ్ల వద్ద, ప్రాణవాయువుతో వచ్చిన శక్తియు, అది లేక వచ్చిన శక్తియు ఇంచుమించు సమానమగునని తరువాతి కొలతలు తెల్పినవి. మన క్రీడాకారిణి ప్రదర్శన 80 సెకండ్లు. పేరునకు ఇది ఏరోబిక్, అనగా ప్రాణవాయువుతో చేయు క్రీడ. నిజమునకు ఇందు మూడు ఆధారములును కావలెను.

శిక్షణ కూడ దీనినిబట్టియే ఏర్పడినది. ఎగురుటలను కొద్ది సెకండ్లు మాత్రము చేయించి, చిల్లర మరల నిండుటకు రెండు మూడు నిమిషములు విశ్రాంతి నిత్తురు. అరువును ఓర్చుకొనుటకు అర నిమిషము నుండి ఒకటిన్నర నిమిషము వరకు తీవ్రశ్రమ చేయింతురు. అప్పు త్వరగా తీరుటకు దీర్ఘకాలపు తేలిక వ్యాయామమును జతపరతురు.

బస్సు మెట్లు, నృత్యపు అడుగులు

ఏరోబిక్ అను మాట వాస్తవమునకు సూక్ష్మజీవులది. గాలి ఉన్నచోట బ్రతుకు జీవులను సూచించుటకు 1863లో పాశ్చర్ దీనిని కల్పించెను. ఇది వ్యాయామమునకు అంటుటకు ముందు, వ్యాయామమునకును ఆరోగ్యమునకును గల సంబంధము తేలవలసివచ్చెను. లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో రోజంతయు మెట్లెక్కి దిగు కండక్టర్లకు, కూర్చుండి నడుపు డ్రైవర్లకంటె గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని 1953లో మోరిస్, ఆయన సహచరులు ప్రకటించిరి. అంతకు ముందు సంవత్సరమే స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆస్ట్రాండ్, నాలుగేండ్ల పిల్లలు మొదలు వయోజనుల వరకు ఆడవారిని మగవారిని పరీక్షించి, వారి శ్రమశక్తిని కొలిచియుండెను. కొలతలు యువకులైన పురుషులకే పరిమితము కాకుండ బాలికలకును స్త్రీలకును విస్తరించుటలో ఇది ముఖ్యమైన మెట్టు.

1968లో అమెరికా వైమానికదళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 'ఏరోబిక్స్' అను గ్రంథమును ప్రచురించెను. 12 నిమిషములలో ఎంతదూరము పరుగెత్తగలరో చూచి దమ్మును అంచనా వేయు పరీక్ష ఆయనదే. మరుసటి సంవత్సరము జాకీ సోరెన్‌సెన్ అను నర్తకి నృత్యపు అడుగులను ఈ వ్యాయామముతో కలిపి బోధింప నారంభించెను. క్రమముగా ఆరోగ్యమునకై చేయు నృత్యము పోటీక్రీడగా మారెను. 1995లో అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య దీని మొదటి ప్రపంచ పోటీలను పారిస్‌లో నిర్వహించెను. సెగాన్ ముసుగు తొడిగిన నగరమే అది.

ఎముక చెప్పిన నిజము

గుండె మేలు కొరకు పుట్టిన వ్యాయామము పోటీగా మారగానే కొత్త భారములు వచ్చినవి. పైకెగిరి దిగునపుడు పాదములపై శరీరపు బరువునకు అనేక రెట్ల బలము పడును. ఈ క్రీడలో చేతులపై వాలుట కూడ కలదు గనుక మణికట్టులకును ఆ దెబ్బ తగులును. భారమునుబట్టి ఎముక తన నిర్మాణమును మార్చుకొనునని జర్మన్ వైద్యుడు వుల్ఫ్ 1892లోనే చెప్పెను. తగిన ఆహారము, విశ్రాంతి ఉన్నచో ఎగురుట ఎముకను గట్టిపరచును. అవి లేనపుడు ఏమగును?

1984లో అమెరికా శాస్త్రజ్ఞురాలు బార్బరా డ్రింక్‌వాటర్, ఆమె సహచరులు దీనికి సమాధానము చెప్పిరి. ఋతుస్రావము ఆగిపోయిన యువ క్రీడాకారిణుల వెన్నుపూసలు, ఋతుక్రమము సరిగానున్న క్రీడాకారిణుల వెన్నుపూసలకంటె పలుచబడినవని వారు కనుగొనిరి. ఆ యువతుల సగటు వయస్సు ఇరువదియైదేండ్లు, ఎముకల సాంద్రత ఏబది దాటిన స్త్రీలది! కఠినశిక్షణలో ఋతుస్రావము ఆగుట సహజమేనని అంతవరకు పలువురు తేలికగా తీసికొనుచుండిరి. అది సహజము కాదు, శరీరము చేయు హెచ్చరిక అని ఇప్పుడు తెలిసినది.

దీనికి ముఖ్యకారణము తిండి చాలకపోవుట. తిన్న ఆహారపు శక్తినుండి వ్యాయామపు ఖర్చు తీసివేయగా మిగిలినదే గుండె, మెదడు, ఎముకలు, గ్రంథుల పోషణకు దక్కును. కొవ్వు మినహా శరీరపు బరువులో కిలోకు రోజునకు సుమారు 45 కిలోకేలరీలు మిగులుట మేలనియు, 30 కంటె తగ్గినచో కొద్దిదినములలోనే ఋతుక్రమమును నడిపించు హార్మోనుల లయ చెడుననియు లౌక్స్, థుమా 2003లో చూపిరి. ఈ 30 అనునది అందరికిని ఒకే గీత కాదని తరువాత తేలినను, లెక్క వేయు విధానము విలువైనది.

తరగతిలో వేయదగిన ఒక లెక్క చూడుడు. ఒక బాలిక బరువు 50 కిలోలు, అందు కొవ్వు 10 కిలోలు. ఆమె రోజునకు 1800 కిలోకేలరీల ఆహారము తినుచున్నది. శిక్షణలో 700 ఖర్చగును. మిగిలినది 1100. దీనిని 40చే భాగింపగా 27.5 వచ్చును. చూచుటకు ఆమె కడుపునిండ తినుచున్నట్లే యుండును. కాని దేహము పస్తులుండుచున్నది.

ఈ హాని స్త్రీలకే కాదు, పురుషులకును కలుగునని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ప్రకటించెను. లేత వయస్సును కాపాడుటకు నియమములు కూడ మారినవి. పరికరములపై చేయు స్త్రీల జిమ్నాస్టిక్స్‌లో కనీస వయస్సు 1981లో 15కును, 1997లో 16కును పెంచబడెను. ఏరోబిక్ జిమ్నాస్టిక్స్ వయోజన విభాగమునకు 18 ఏండ్ల నియమము కలదు.

అయితే నియమములు వేదికవద్ద మాత్రమే పనిచేయును. నిత్యాభ్యాసము జరుగునది పాఠశాల మైదానములలోను, వ్యాయామశాలలలోను. సన్నగానున్నవారే బాగుగా ఎగురుదురను మాట అక్కడ నేటికిని వినబడుచునే యున్నది. ఒకే చోట మరల మరల వచ్చు నొప్పి, తీరని అలసట, ఆగిన ఋతుక్రమము, త్వరగా తగ్గు బరువు, వీనిలో ఏది కనబడినను బాలికను మందలింపక, శిక్షణ తగ్గించి వైద్యునికి చూపవలెను. శ్రమించువానికే తిండి తక్కువ యగుట ఏమి విపరీతమని లెవోయిజర్ నాడు అడిగెను. పళ్లెములో అన్నము తగ్గించి మైదానములో పరుగు పెంచు ప్రతి శిక్షకుడును ఆ ప్రశ్నకు నేడు సమాధానము చెప్పవలసియున్నది.