నిసెకో మంచుకి దారేది?

స్కీయింగ్ పిచ్చి ఉన్నవాళ్ళకి జపాన్‌లోని హొక్కైడో దీవి కాశీ లాంటిది. సైబీరియా నుంచి వీచే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ తాగి, ఇక్కడి కొండలకి తగిలి, దూదిలాంటి మంచు కురిపిస్తుంది. హెల్సింకిలో మా ఆఫీసువాళ్ళు నలుగురు వచ్చే జనవరిలో అక్కడి నిసెకోకి పోదామన్నారు. టిక్కెట్లు వెతికే పని నా నెత్తిన పడింది. ఆ వెతుకులాటలో నాకు ధరల కంటే చరిత్రే ఎక్కువ తగిలింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

గ్లోబు మీద దారం లాగి చూస్తే హెల్సింకి నుంచి టోక్యోకి 8 వేల కిలోమీటర్ల లోపే. దారం చాలాభాగం రష్యా మీదే ఉంటుంది. విమానం మాత్రం అటు పోదు. మన కంప్యూటర్ సైన్సు భాషలో ఇది షార్టెస్ట్ పాత్ లెక్క. కాకపోతే ఇక్కడ గ్రాఫులో గీతలు చెరిపేసేది ప్రభుత్వాలు!

ఇది కొత్త సంగతేం కాదు. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో సోవియట్ ఆకాశం పడమటి విమానాలకి మూసేసి ఉండేది. ఐరోపా నుంచి జపాన్ వెళ్ళాలంటే కరాచీ, కలకత్తా, బ్యాంకాక్ లాంటి ఊళ్ళలో దిగుతూ లేస్తూ రెండు రోజులు పోవాలి. 1957 ఫిబ్రవరి 24న స్కాండినేవియా సంస్థ ఎస్ఏఎస్ ఈ లెక్క మార్చేసింది. కోపెన్‌హేగెన్ నుంచి ఉత్తరధ్రువం మీదుగా అలాస్కాలోని యాంకరేజ్, అక్కడి నుంచి టోక్యో. యాభై గంటల ప్రయాణం కాస్తా ముప్పై చిల్లరకి దిగింది. అయస్కాంత ధ్రువం దగ్గర దిక్సూచిని నమ్మలేం కాబట్టి గైరోస్కోపులతో, గళ్ళ పటాలతో దారి పట్టుకున్నారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళపాటు యాంకరేజ్ ప్రపంచానికి ఒక కూడలి. అక్కడ దిగి, ఉడాన్ నూడుల్స్ తిని, మళ్ళీ విమానం ఎక్కిన జ్ఞాపకం ఒక తరం జపాన్ వాళ్ళకి ఇప్పటికీ ఉంది.

స్కీయింగ్‌కీ ఈ కథకీ ముడి ఇక్కడే ఉంది. యాంకరేజ్‌కి కాస్త దూరంలో అల్యెస్కా అనే స్కీ కొండ ఉంది. జపాన్ కంపెనీ సెయిబు 1980లో దాన్ని కొనేసింది. 1994లో అక్కడ పెద్ద హోటలు తెరిచింది. అప్పటికి ఏమైందో తెలుసా? గోర్బచేవ్ కాలంలో సోవియట్ ఆకాశం తెరుచుకుని, ఐరోపా-జపాన్ విమానాలు సైబీరియా మీదుగా ఆగకుండా పోవడం మొదలైంది. హోటలు తలుపులు తెరిచేసరికి ఆ విమానాలు యాంకరేజ్‌లో ఆగడం మానేశాయి. 2006లో సెయిబు ఆ కొండని అమ్మేసింది. వేరే కారణాలూ ఉండొచ్చు గానీ, కూడలిని నమ్ముకుని పెట్టుబడి పెట్టేవాళ్ళకి ఇదొక పాఠం అని నా అభిప్రాయం.

ఈ దారుల వెనక ప్రాణాలు కూడా పోయాయి. 1978 ఏప్రిల్‌లో పారిస్ నుంచి యాంకరేజ్ మీదుగా సియోల్ వెళ్ళాల్సిన కొరియా విమానం దారితప్పి సోవియట్ భూభాగంలోకి వెళ్ళింది. యుద్ధవిమానాలు కాల్చాయి, గడ్డకట్టిన సరస్సు మీద దిగింది. ఇద్దరు చనిపోయారు. 1983 సెప్టెంబరు 1న అదే సంస్థ విమానం, కేఏఎల్ 007, యాంకరేజ్‌లో ఆగి బయల్దేరాక దారి తప్పింది. కమ్చాట్కా, సఖాలిన్‌ల మీదుగా పోతూ క్షిపణి దెబ్బకి కూలిపోయింది. 269 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాతే అమెరికా అధ్యక్షుడు రీగన్, జీపీఎస్ పూర్తయ్యాక మామూలు జనానికీ ఇస్తామని ప్రకటించాడు. మన ఫోన్లో దారి చూపించే నీలిచుక్క వెనక ఈ కథ కూడా ఉంది.

విచిత్రం ఏంటంటే అదే 1983లో ఫిన్‌ఎయిర్ సోవియట్ సరిహద్దు తాకకుండా, ధ్రువం మీదుగా హెల్సింకి నుంచి టోక్యోకి ఎక్కడా ఆగకుండా పోవడం మొదలెట్టింది. తర్వాత సైబీరియా దారి దొరకడంతో ప్రయాణం తొమ్మిదిన్నర గంటలకి తగ్గింది. హెల్సింకి కూడలిగా ఎదిగింది ఆ దారి వల్లే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా ఆకాశం మళ్ళీ మూతపడింది. ఫిన్‌ఎయిర్ తన పాత ధ్రువం దారి దులిపి బయటకి తీసింది. మళ్ళీ పదమూడు గంటలు! ప్రయాణికులకి ధ్రువం దాటినట్టు పత్రం కూడా ఇచ్చారు.

చైనా సంస్థలకి రష్యా మీద ఎగిరే వీలు పోలేదు. అందుకే బీజింగ్‌లోనో షాంఘైలోనో మారే టిక్కెట్టు చూడ్డానికి ఊరిస్తుంది. కానీ దగ్గరిదారికి ఇంకో లెక్క ఉంది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజను ఇబ్బందితో రష్యాలోని మగదాన్‌లో దిగింది. ఆంక్షల కాలంలో ఇంకో విమానం వచ్చి తీసుకెళ్ళేదాకా 216 మంది ప్రయాణికులు అక్కడే ఉండాల్సొచ్చింది. బే ఏరియా వెళ్ళే మన తెలుగువాళ్ళు ఎక్కే దారే అది. విమానం ఎగిరినంతసేపూ అంతా బాగానే ఉంటుంది, దిగాల్సొస్తేనే కింద ఎవరి దేశం ఉందో గుర్తొచ్చేది.

ఇక టోక్యోలో మారడం. దీనికీ చరిత్ర ఉంది. రైతుల భూములు లాక్కుని కట్టిన నరితా విమానాశ్రయం మీద ఏళ్ళ తరబడి పోరాటం నడిచింది. 1978 మార్చిలో ఉద్యమకారులు కంట్రోల్ టవర్‌లోకి చొరబడి పరికరాలు పగలగొడితే ప్రారంభం మే 20కి వాయిదా పడింది. అప్పట్నుంచి విదేశీ విమానాలు ఎక్కువగా నరితాలో, దేశంలో తిరిగేవి ఎక్కువగా హనేడాలో. స్కీలు మోసుకుంటూ గంటకి పైగా బస్సులో ఊరు దాటాలి. 2010 అక్టోబరులో హనేడాలో కొత్త అంతర్జాతీయ టెర్మినల్ తెరిచాకే ఈ బాధ తగ్గింది. అందుకని నా ఓటు: చుట్టుదారి అయినా సరే, ఒకే టిక్కెట్టు మీద హనేడా, అక్కడే మారి సప్పోరో. మంచు ఎక్కువై సప్పోరో విమానం ఆగిపోయినా, మిమ్మల్ని చేర్చే బాధ్యత అమ్మినవాడిదే.

టిక్కెట్టు కొనే తెరమీద ధర, గంటలు, ఎన్నిసార్లు ఆగుతుందో కనిపిస్తాయి. ఎవరి ఆకాశంలో పోతున్నామో కనిపించదు. ఈసారి దూరప్రయాణం టిక్కెట్టు కొనేముందు ఒక్కసారి గ్లోబు తిప్పి, దారం లాగి చూడండి. విమానం ఆ దారం వెంట పోకపోతే ఎందుకు పోవట్లేదో కూడా అడగండి.