తేజీ: మోటుపల్లి రేవులో దిగిన గుర్రాలు

గుంటూరు మిర్చి యార్డులో 'తేజ' అంటే ఒక మిర్చి రకం. మన ఇళ్లల్లో 'తేజ్' అంటే కారమూ వేగమూ రెండూ. పాత తెలుగు కావ్యాల్లో 'తేజీ' అంటే మేలుజాతి గుర్రం. ఈ మాట 'తేజ్' నుంచి వచ్చిందని కొందరంటారు గానీ, నాకు మాత్రం ఫార్సీ 'తాజీ'యే దీనికి అసలు పుట్టిల్లు అనిపిస్తుంది. తాజీ అంటే అరబ్బు, అరబ్బీ గుర్రం. శ్రీనాథుడు హరవిలాసంలో అవచి తిప్పయ సెట్టి సరుకుల జాబితా చెబుతూ హురుముంజి తేజీలను లెక్కవేస్తాడు. హురుముంజి అంటే ఇరాన్ సముద్రం మీది హుర్ముజ్ బందర్. తిప్పయ సెట్టి కొండవీటి రెడ్డిరాజు కుమారగిరికి సుగంధద్రవ్యాలు సమకూర్చిన సౌదాగర్.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, ఒకరోజు టీ తాగుతూ ఒక తోటి విలేకరి నవ్వుతూ అన్నాడు: "మీవాళ్లు గుర్రాలెక్కి దౌడు తీస్తూ వచ్చారు కదా!" అతని మనసులో దురుద్దేశం లేదు. స్కూలు కితాబులో చదివింది అప్పజెప్పాడు, అంతే. గుర్రం మీద ఎక్కి వచ్చినవాళ్లు లేరని నేననను. కానీ మన సముద్రతీరానికి గుర్రమే పడవెక్కి వచ్చింది. తెలుగు రాజు పిలిచి, పన్ను కట్టించుకుని, దింపించుకున్నాడు.

సబూత్ రాతి మీదే ఉంది. చీరాల దగ్గర మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు జబర్దస్తీగా లాక్కునేవారట. తాను అలా చేయనని, ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రమంత ప్రమాదానికి సిద్ధపడినవాళ్ల సొత్తు వాళ్లకే ఇస్తానని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన హామీ ఇచ్చాడు. సుంకం ముప్ఫైకి ఒకటి. 1358లో అనపోతరెడ్డి కూడా ఇదే రేవులో వర్తకులకు రాయితీలిస్తూ ఇంకో శాసనం వేయించాడు. తర్వాత కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, గుర్రాలూ ఏనుగులూ తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించాలని రాశాడు. గుర్రపు సౌదాగర్‌ను మోసం చేస్తే ఆ గుర్రం రేపు శత్రువు సైన్యంలో కనబడుతుందని ఆయనకు బాగా తెలుసు.

ఇంత ఖరీదు పెట్టి కొన్న జంతువు అసలెంత పరుగెత్తుతుంది? వాట్సాప్‌లో 'అరబ్బీ ఘోడా గంటకు వంద కిలోమీటర్లు' అని తిరుగుతోంది. గలత్. నమోదైన రికార్డు 2008లో అమెరికాలో విన్నింగ్ బ్రూ అనే రెండేళ్ల ఆడగుర్రానిది. గంటకు 70.76 కి.మీ., అదీ కేవలం 402 మీటర్ల దూరానికి. పైగా అది థరోబ్రెడ్, అరబ్బీ కాదు. 1973లో సెక్రటేరియట్ ఒకటిన్నర మైలు 2 నిమిషాల 24 సెకన్లలో పూర్తిచేసింది, అంటే గంటకు సుమారు 60 కి.మీ. దూరం పెరిగేకొద్దీ వేగం ఎలా కరిగిపోతుందో చూడండి. మామూలు గుర్రం నడక ఆరేడు కిలోమీటర్లు, దుల్కీ దాదాపు దానికి రెట్టింపు, సర్‌పట్ దౌడు నలభై దాటుతుంది. అరబ్బీ నసల్ కమాల్ ఇంకో చోట ఉంది. 160 కిలోమీటర్ల ఓర్పు పందేల్లో ముందుండేవి అవే.

కారణాలు శరీరంలోనే ఉన్నాయి. మోకాలి కింద కండ లేదు, స్నాయువులు స్ప్రింగుల్లా పనిచేస్తాయి. దౌడులో ఒక్కో అంగకి ఒక్కో శ్వాస. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కుతోనే. ప్లీహంలో దాచుకున్న ఎర్రకణాలను పరుగు మొదలవగానే రక్తంలోకి వదులుతుంది. సూరహ్ ఆదియాత్ రొప్పుతూ పరుగెత్తే గుర్రాల ప్రమాణంతోనే మొదలవుతుంది కదా. ఆ రొప్పు అంగకి ముడిపడి ఉందని తెలిశాక ఆ సూరహ్ చదివేటప్పుడు చెవికి ఇంకోలా వినబడుతుంది.

మిగతాదంతా మనిషి చేతిలో ఉంది. బుఖారీలో ఇబ్నె ఉమర్ రజి. రివాయత్ ఉంది. నబీ (స.అ.స.) తజ్మీర్ చేసిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియతుల్ విదా దాకా, చేయనివాటికి అక్కడి నుంచి బనూ జురైఖ్ మస్జిద్ దాకా పందెం పెట్టించారు. మొదటిది ఐదారు మైళ్లు, రెండోది ఒక మైలు. తజ్మీర్ అంటే ముందు బాగా మేపి, తర్వాత మేత తగ్గించి, గుడ్డలు కప్పి చెమట పట్టించి కొవ్వు కరిగించడం. తయారీ లేని గుర్రాన్ని తయారైనదానితో పోటీకి దింపలేదు. ఇన్సాఫ్ జంతువుకూ వర్తించింది.

మన తీరంలో లేనిది ఈ తజ్మీరే. వస్సాఫ్ రాసినదాని ప్రకారం ఫార్స్ రేవుల నుంచి దక్షిణాన మాబర్‌కు, అంటే తమిళ తీరానికి, ఇంకా ఇతర రేవులకు కలిపి ఏటా పదివేల గుర్రాలు వెళ్లేవి, ఒక్కోటి 220 ఎర్ర దీనార్లు. కైష్ దీవి మలిక్ జమాలుద్దీన్ కూడా మాబర్‌కు గుర్రాలు పంపేవాడు. దారిలో చచ్చిన గుర్రానికీ రాజు ఖజానా నుంచే ధర చెల్లించేది. అంత ఇచ్చి కొని వాటికి వేయించిన బార్లీ, వెన్న కలిపిన ధాన్యం పెట్టేవారట. మార్కోపోలో అన్నం, మాంసం పెట్టేవారని రాశాడు. గుర్రపు వైద్యులు అక్కడ లేరని, అమ్మేవాళ్లు వాళ్లను రానివ్వరని కూడా. ఎక్కువ గుర్రాలు చస్తేనే కదా ఎక్కువ అమ్ముడయ్యేది! మనవాళ్లే అయినా, ఈ తిజారత్‌ను నేను వెనకేసుకురాను.

మార్కోపోలో మోటుపల్లి గురించి కూడా రాశాడు గానీ, అక్కడ ఆయన కన్ను పడింది వజ్రాల మీద, సాలెగూడు లాంటి సన్నటి నూలు బట్టల మీద. రేవు దాటాక లోపల నల్లరేగడి. వానకు డెక్కకు అంటుకుని కాలు లేపనివ్వదు, ఎండకు నెర్రెలిచ్చి కాలు విరుస్తుంది. ఈ నేల ఒంగోలు ఎద్దుది. ఉక్కపోతలో చెమట ఆరక వేడెక్కిపోయే అరబ్బీని ఇక్కడ నిలబెట్టాలంటే మేతా నీడా తెలిసిన సాయీసు కావాలి, డెక్క చూసే నాల్‌బంద్ కావాలి. మనలో కొందరి ఇంటిపేరు నాల్‌బంద్ అని ఊరికే లేదు. జట్కాబండి పోయాక ఆ సుత్తీ పోయింది, పేరు మాత్రం రేషన్ కార్డు మీద మిగిలింది. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఆ పని చేసి ఉంటే, లాడం కొట్టేముందు డెక్కలో ఏం చూసేవారో అడిగి రాసి పెట్టుకోండి.