కోబాల్ నుంచి కోపైలట్ దాకా

ప్రోగ్రామర్ ఉద్యోగానికి ఏం రావాలి అని అడిగితే, మన తెలుగువాళ్ళ దగ్గర గత యాభై ఏళ్ళలో కనీసం అరడజను జవాబులు పోగయ్యాయి. ఒకటి పాతబడేలోపు ఇంకోటి. నా అనుభవం ఏడేళ్ళే కాబట్టి మొదటి జవాబులు నేను చూసినవి కావు, చదివినవీ సీనియర్ల దగ్గర విన్నవీను. అయినా వరసగా పేర్చి చూస్తే ఇప్పటి గాభరా కొంచెం అర్థమవుతుందని ఈ ప్రయత్నం.

హైదరాబాదు, కంప్యూటర్లు అనగానే మనకు హైటెక్ సిటీ గుర్తొస్తుంది గానీ, కథ మొదలైంది ఊరికి ఆ చివర, ఈసీఐఎల్‌లో. 1967లో అణుశక్తి శాఖ కింద పెట్టిన ఈ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ తెచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నమాట, పన్నెండు బిట్లది. అప్పట్లో ప్రోగ్రామర్ కావాలంటే కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అడిగే వీల్లేదు. ఎందుకంటే ఆ డిగ్రీయే లేదు! ఐఐటీ కాన్పూర్‌లో ఆ బీటెక్ మొదలయ్యింది 1978లో. లెక్కలో, స్టాటిస్టిక్సో, ఎలక్ట్రానిక్సో చదివినవాళ్ళని తీసుకుని పనిలోనే నేర్పేవారు.

అదే 1978లో ఐబీఎం మన దేశం వదిలి వెళ్ళింది. విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోమని ఫెరా చట్టం, తగ్గించుకోమని వాళ్ళు. వాళ్ళు వదిలేసిన మెషిన్ల బాగోగులు ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడ్డాయి. హైదరాబాదులో పెద్ద పరిశోధన విభాగం నడిపింది కూడా ఈ సీఎంసీయే. ఒకే కంపెనీ మెషిన్ నేర్చుకుని కూర్చుంటే అక్కడ కుదరదు, ఎవరి మెషిన్ వచ్చినా విప్పి అర్థం చేసుకోవాల్సిందే. 1980ల మధ్యలో రైల్వే రిజర్వేషన్‌ని కంప్యూటర్ మీదికి తెచ్చింది కూడా వాళ్ళే. (మా స్టేషన్ ఘన్‌పూర్‌కి, ములుగు దగ్గరి ఘనపురంతో కలిసిపోకుండా, పేరు ముందు 'స్టేషన్' వచ్చింది రైల్వే పుణ్యానే. కాబట్టి ఆ ప్రాజెక్టంటే నాకు కాస్త అభిమానం ఎక్కువ లెండి.)

ఇహ వై2కే. దీని గురించి మనవాళ్ళకి కథలుగా తెలుసు కానీ, అసలు పని ఏమిటో చాలామందికి తెలియదు. పాత పంచ్ కార్డుకి 80 నిలువు గళ్ళు. పేరు, ఖాతా నంబరు, మొత్తం, తేదీ అన్నీ అందులోనే ఇరకాలి. సంవత్సరానికి నాలుగంకెలు ఎందుకు, రెండు చాలు, రెండు గళ్ళు మిగుల్తాయి అనుకున్నారు. ఆ పొదుపు 1990ల చివర్లో అమెరికన్ బ్యాంకుల, బీమా కంపెనీల మెడకి చుట్టుకుంది. 00 అంటే 1900 అనుకుంటే వడ్డీ లెక్కలన్నీ తలకిందులు. లక్షల లైన్ల కోబాల్ తిరగేసి, తేదీ ఎక్కడెక్కడ ఉందో వెతికి, సరిచేసి, మిగతాది చెడలేదని పరీక్షించాలి. రాసినవాళ్ళు ఎప్పుడో రిటైరైపోయారు.

మనుషులు కావాలి. 1990 చట్టం ప్రకారం ఏడాదికి 65 వేలున్న హెచ్-1బి వీసాల పరిమితిని 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకి 1,15,000 చేశారు, 2001 నుంచి 2003 దాకా 1,95,000. ఇక్కడ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోబాల్, జేసీఎల్, సిఐసీఎస్, డీబీ2 బోర్డులు లేచాయి. 1998 నవంబర్లో సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించారు. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు, మెయిన్‌ఫ్రేమ్ వస్తే చాలు అనే జవాబు మా వరంగల్ జిల్లా పల్లెల దాకా వచ్చింది.

నా గమనిక ఏంటంటే, ప్రకటనలో రాసింది 'కోబాల్', చేయించుకున్న పని వేరు. ఎవడో రాసి పోయిన కోడ్‌ని చదివి, అది ఏం చేస్తుందో తేల్చుకోవడం అసలు పని. 2001లో డాట్‌కామ్ బుడగ పగిలాక తిరుగు విమానం ఎక్కినవాళ్ళు చాలామందే. నాకు తెలిసిన ఆనాటి సీనియర్లలో నిలబడ్డవాళ్ళు మాత్రం ఆ కోడ్ ద్వారా బ్యాంకు లెక్కలు నేర్చుకున్నవాళ్ళు. ఆ ఏడాది అమెరికా సంబంధాల రేటు ఎంత పడిపోయిందో పెళ్ళిళ్ళ పేరయ్యలనడగాలి :)

2004లో వీసాలు మళ్ళీ 65 వేలకి దిగినా, పనే ఇటు రావడం మొదలయ్యింది. కాలేజీలకొచ్చి వందల్లో ఎత్తుకుపోయే కాలం. అప్పుడు మారిన జవాబు నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపిస్తుంది. ప్రోగ్రామింగ్ రాకపోయినా సరే! సివిల్, మెకానికల్ వాళ్ళనీ తీసుకున్నారు. కావాల్సింది పదిలో, ఇంటర్‌లో, బీటెక్‌లో 60 శాతం, బ్యాక్‌లాగులు ఉండొద్దు, మధ్యలో గ్యాప్ ఉండొద్దు, ఆప్టిట్యూడ్ పరీక్ష, గ్రూప్ డిస్కషన్, ఇంగ్లీషు. వేలమందిని వడగట్టడానికి కంపెనీకి సులువైన జల్లెడ అది. కానీ ఆ జల్లెడలోంచి జారిపోయింది ఎవరు? పదో తరగతి సర్కారు బడిలో తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషు పుస్తకం చూసి బెదిరి, బీటెక్‌లో తేరుకున్నవాడు. వాడి కోడ్ ఎవరూ చూడలేదు, గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగల్లేదని ఇంటికి పంపారు. మా వైపు ఇలాంటివాళ్ళు ఇంటికొకరు ఉంటారు.

2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కూలికెళ్ళే ఇళ్ళ పిల్లలు ఇంజనీర్లయ్యారు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ సరిగ్గా అప్పుడే లేమాన్ కూలింది, 2009 జనవరి 7న సత్యం గుట్టు రట్టయ్యి సుమారు 50 వేలమంది ఉద్యోగం ఉందో ఊడిందో తెలీక కూర్చున్నారు. ఇంజనీర్లు పెరిగారు, మొదటి జీతం అక్కడే ఆగింది. 2010లో ఫ్రెషర్‌కి మూడు లక్షల చిల్లర, 2022లో మూడున్నర. బియ్యం ధర, హాస్టల్ ధర ఆగాయా మరి?

ఇంకో గోడ 'రెండేళ్ళ అనుభవం తప్పనిసరి'. మొదటి ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కడినుంచి తెస్తారు? అమీర్‌పేటలో కొందరు దాన్నీ అమ్మారు. దొంగ అనుభవ పత్రాలు, దొంగ పే స్లిప్పులు. ఈ బెడదకే నాస్కామ్ 2006లో నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పెట్టింది. దొంగ పత్రం తప్పే, కానీ అబద్ధమాడితే తప్ప తెరుచుకోని తలుపు పెట్టినవాళ్ళకి అందులో వాటా లేదనను.

2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కార్యాలయాలు తెరిచారు. మా ఊరినుంచి పాతిక కిలోమీటర్లలోపే. 2016లో మేం జనగామ జిల్లాకి పోయాం గానీ, ఇప్పటికీ పనిబడితే వెళ్ళేది హన్మకొండకే, దారిలో మడికొండ తగుల్తుంది. ఆ బోర్డులు బస్సులోంచి చూసి మా నాయన "ఇక్కడ్నే ఉంటే మంచిగుండు కదరా" అన్నాడు. అయితే కోవిడ్ తర్వాత వచ్చిన ఊపు ఏడాదిన్నరలో చల్లారింది. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి చూసినవాళ్ళు నా జూనియర్లలోనే ఉన్నారు. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబర్లో చాట్‌జీపీటీ. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల ఉద్యోగాలు తగ్గిస్తామంది, అవీ ఎక్కువగా మధ్య, పై స్థాయివి. సెప్టెంబర్లో అమెరికా బయటున్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుమన్నారు.

ఊళ్ళో తమ్ముళ్ళు "ఇప్పుడు ఏ కోర్సు నడుస్తుందన్నా?" అని అడుగుతారు. ఫీజు నలభై వేలు, అది వాళ్ళ బాపు వడ్డీకి తెచ్చేది. కాబట్టి నోటికొచ్చింది చెప్పలేను. చిన్న చిన్న బగ్గులు సరిచెయ్యడం, టెస్ట్ కేసులు రాయడం... కొత్తవాడు ఏడాదిపాటు చేసి పని నేర్చుకునే మెట్టు అది. ఇప్పుడు నా టీములో ఆ పని చాలావరకు ఏఐతో అయిపోతోంది. కానీ అది రాసిన కోడ్ నమ్మకంగా తప్పుండొచ్చు. దాన్ని చదివి, ఎక్కడ విరుగుతుందో చెప్పేవాడికోసం మేం ఇంటర్వ్యూల్లో వెతుకుతున్నాం, దొరకడం కష్టంగానే ఉంది. 1998లో కోబాల్ పేరుతో కొన్నది ఈ పనితనాన్నే కదా.

అందుకే నేను కోర్సు పేరు చెప్పను. ముందు ఏదో ఒక భాష, ఎస్‌క్యూఎల్, గిట్ ఇంట్లో కూర్చుని నేర్చుకోమంటాను, అవి ఉచితంగానే దొరుకుతాయి. తర్వాత ఏఐతో ఒక ప్రోగ్రాం రాయించి, లైను లైనుకీ ఇది ఎందుకుంది అని తెలుగులోనే నాకు చెప్పమంటాను. ఇది మూడు నెలలు చేసినవాడు అప్పుడు కావాలంటే అమీర్‌పేట బస్సెక్కొచ్చు. ఫీజు మాత్రం మొత్తం ఒకేసారి కట్టొద్దు.