అపాచీలు ఎవరివి?

అమెరికాలో గవర్నర్ అంటే మన గవర్నర్ లాంటివాడు కాదు. ఓట్లతో గెలిచినవాడు, మన ముఖ్యమంత్రి లాంటివాడు. ఆయన చేతికింద కొంత సైన్యం కూడా ఉంటుంది: నేషనల్ గార్డ్. వారమంతా బళ్ళో పాఠాలు చెప్పుకునే మనిషి నెలకో వారాంతం, ఏడాదికో రెండు వారాలు యూనిఫాం వేసుకుంటాడు. వరదొస్తే గవర్నర్ పిలుస్తాడు, యుద్ధమొస్తే అధ్యక్షుడు. ఈ ఇద్దరు యజమానుల సంగతి తెలియకపోతే 2014 నాటి హెలికాప్టర్ల గొడవ వట్టి జమాఖర్చుల తగాదాలా ఉంటుంది. నాకూ మొదట అలాగే అనిపించింది.

2013లో బడ్జెట్ కోతలు పడ్డాయి. సైన్యం ఒక పథకం వేసింది. ముందుకెళ్లి శత్రువు జాడ తీసే చిన్న కయోవా వారియర్లన్నీ రిటైర్. ఆ పనికి రెగ్యులర్ సైన్యం అపాచీలనూ డ్రోన్లనూ జతచేసి వాడుతుంది. అందుకు చాలినన్ని అపాచీలు లేవు కాబట్టి గార్డ్ దగ్గరున్న 192 తీసేసుకుంటుంది, బదులుగా 111 బ్లాక్ హాక్‌లు ఇస్తుంది. దీంతో 1,200 కోట్ల డాలర్లు మిగులుతాయని సైన్యం అంచనా.

ఇంజనీరు బుద్ధికి ఇది ముచ్చటైన లెక్క. బ్లాక్ హాక్ వరదల్లో మనుషుల్ని మోస్తుంది. అపాచీ తుపాకులూ మిస్సైళ్లూ తప్ప ఏమీ మోయదు. గవర్నర్‌కి అపాచీ ఎందుకు? పైగా నేల మీది దళాలతో, డ్రోన్లతో కలిసి పనిచెయ్యాలంటే రోజూ సాధన కావాలి, వారాంతాలు చాలవు అని సైన్యం వాదన. గార్డ్ బలగాలు రెగ్యులర్ బలగాలకి సరిసమానమైన బదులు కావని సైన్యాధిపతి ఒడియర్నో బాహాటంగానే అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. గార్డ్ అపాచీ దళాలు ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో పోరాడి వచ్చినవే. గార్డ్ అధిపతి జనరల్ గ్రాస్ మాత్రం సెనేట్ ముందు, నా సలహా నేనిచ్చాను, నిర్ణయం జరిగిపోయింది అన్న ధోరణిలోనే మాట్లాడాడు. యూనిఫాంలో ఉన్నవాడు అంతకంటే ఏమంటాడు? గొడవ పడింది గవర్నర్లూ, గార్డ్ సంఘమూ.

వాళ్ళ భయం వెనక వియత్నాం ఉంది. 1965లో జాన్సన్ రిజర్వ్ దళాలను పెద్దఎత్తున పిలవలేదు. గార్డ్‌లో చేరడం యుద్ధం తప్పించుకునే దారయింది. ఆ తర్వాత సైన్యాధిపతి అయిన అబ్రామ్స్, ఇకమీద ఊళ్లలోని మనుషుల్ని కదిలించకుండా ఏ అధ్యక్షుడూ యుద్ధానికి వెళ్ళలేని విధంగా రెండింటినీ ముడివేశాడని చెబుతారు. ఆయన ఉద్దేశం అదేనని చరిత్రకారులందరూ ఒప్పుకోరు. కానీ గార్డ్‌లో నమ్మకం అదే. పోరాడే యంత్రాలన్నీ రెగ్యులర్ వాళ్ళ దగ్గరికి చేరితే, యుద్ధం మళ్ళీ ఎవరింటి తలుపూ తట్టకుండా వెళ్ళిపోవచ్చు. ఆ లెక్క పన్నెండు వందల కోట్లలో ఎక్కడా లేదు. నేను గార్డ్ పక్షానికి మారింది అక్కడే.

కాంగ్రెస్ ఎనిమిదిమందితో కమిషన్ వేసింది. 2016 జనవరిలో అది మధ్యేమార్గం చెప్పింది: గార్డ్‌లో నాలుగు అపాచీ బెటాలియన్లు ఉండాలి, ఒక్కోదానికీ 24 బదులు 18 హెలికాప్టర్లతో.

కయోవాలకి ఆ అదృష్టం లేదు. రోటర్ పైన బంతిలాంటి కెమెరా పెట్టుకుని, తలుపులు ఊడదీసి, చెట్ల ఎత్తున ఎగిరేవి. 2017కల్లా అమెరికా సైన్యంలో కనుమరుగయ్యాయి. వాటి స్థానంలో తలపెట్టిన కొత్త హెలికాప్టర్ పథకాన్ని 2024లో సైన్యమే రద్దు చేసింది. 2025 ఆదేశం పాత అపాచీ డి మోడళ్లనూ, రెగ్యులర్ సైన్యంలో కయోవాల ఖాళీ నింపిన నిఘా స్క్వాడ్రన్లనూ తీసెయ్యమంటోంది.