ఐసు అమ్మబోయిన మేయరు

ఎన్నికల్లో గెలిస్తే ఊరు మన చేతికి వచ్చినట్టేనా? అమెరికాలో వందేళ్ల కిందటి ఒక మేయరు కథ చదవండి. మన పంచాయతీల సంగతి తెలిసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ అని ఒక చిన్న నగరం. జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ, రైలింజన్ల ఫ్యాక్టరీ, వాటి మీద బతికే కార్మికులు. అక్కడి చర్చిలో పాస్టరు జార్జ్ లన్. ప్రసంగాల్లో ఊరి అవినీతిని కూడా ఎండగట్టేవాడు. ఆ చర్చి వదిలేసి 1910లో సొంతంగా పేపరు పెట్టాడు. సోషలిస్టు పార్టీలో చేరి 1911 నవంబరులో మేయరుగా గెలిచాడు.

అప్పట్లో ఇళ్లలో ఫ్రిజ్‌లు లేవు. ఎండాకాలం పాలు, మాంసం చెడకుండా ఉండాలంటే ఐసు కొనాల్సిందే. చలికాలం బొగ్గు లేకపోతే ఇంట్లో ఉండలేరు. రెండిటికీ వ్యాపారి చెప్పిందే రేటు. నగరమే తెచ్చి తక్కువ ధరకు అమ్మాలని లన్ చూశాడు. ఐసు విషయం కోర్టుకెక్కింది. అమ్మే అధికారం నగరానికి లేదని కోర్టు ఆపేసింది. ఓటేసింది ఊరి జనమే, కానీ నగరం ఏం చెయ్యొచ్చో రాసిపెట్టేది రాష్ట్రం. చిక్కంతా అక్కడే.

1912లో దగ్గర్లోని లిటిల్ ఫాల్స్‌లో మిల్లు కార్మికులు సమ్మె చేస్తుంటే, వాళ్ల తరఫున మాట్లాడబోయిన ఈ మేయరునే పోలీసులు అరెస్టు చేశారు. 1913లో ప్రత్యర్థి పార్టీలు ఒక్కటై ఆయన్ని ఓడించాయి. 1915లో మళ్లీ గెలిచాడు. ఈసారి పేచీ సొంత పార్టీతోనే. పదవుల్లో ఎవర్ని పెట్టాలో మేమే చెప్తామంది పార్టీ, కుదరదన్నాడు ఈయన. చివరికి బయటికొచ్చి, 1916లో డెమోక్రాట్‌గా పార్లమెంటుకి గెలిచాడు. 1918లో ఓడి, మళ్లీ ఊరికొచ్చి మేయరయ్యాడు. 1923, 24ల్లో రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు.

మరి ఊరికి మిగిలిందేంటి? ప్రసిద్ధ విద్యుత్ శాస్త్రవేత్త స్టైన్‌మెట్జ్‌ని విద్యా బోర్డులోకి తెచ్చింది లన్నే. బడుల మీద, పార్కుల మీద పని జరిగింది. అవి నగరం చేతిలో ఉన్న పనులు కాబట్టి సాగాయి. ఐసు చేతిలో లేదు కాబట్టి ఆగింది.

అందుకే అభ్యర్థి మన గడప తొక్కినప్పుడు "ఏం చేస్తావ్?" అని అడిగి ఊరుకోకండి. "ఆ పని చేసే అధికారం పంచాయతీకి ఉందా? లేకపోతే ఎవరి దగ్గర ఉంది, వాళ్లతో ఎలా చేయిస్తావ్?" అని కూడా అడగండి. మనిషి మంచోడైతే చాలదు, చేతిలో అధికారమూ ఉండాలి.